పీజడ్‌టీ, పీవీడీఎఫ్: ఏ పనికి ఏది మేలు?

నొక్కినా వంచినా విద్యుత్తు పుట్టించే పీజో పదార్థాలతో ప్రాజెక్ట్ మొదలుపెట్టే వాళ్లు ముందు డేటాషీట్‌లో డీ33 చూస్తారు. అంటే ఒక న్యూటన్ బలంతో నొక్కితే ఎంత చార్జ్ పుడుతుందో చెప్పే అంకె. పీజడ్‌టీ అనే సిరామిక్‌కు రకాన్ని బట్టి 300 నుంచి 600 పికోకూలుంబులు, పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌కు 20-30 మాత్రమే. ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, మణికట్టు మీద నాడిని పట్టే సెన్సర్‌కు పీజడ్‌టీ పలక తీసుకున్నాను. అది పింగాణీ లాంటిది, వంగదు. పట్టీ కింద పెట్టి బిగించగానే నిలువునా పగిలింది.

తర్వాత 28 మైక్రాన్ల పీవీడీఎఫ్ ఫిల్మ్‌ను ప్లాస్టర్ కింద అతికించి సిగ్నల్‌ను గీతగా చూపించే ఆసిలోస్కోప్‌కు కలిపితే, నాడి కొట్టుకున్న ప్రతిసారీ ఒక పెద్ద శిఖరం, దాని వెనకే చిన్న మెట్టు, రెండూ స్పష్టంగా కనిపించాయి. చార్జ్ తక్కువే, కానీ దీని పర్మిటివిటీ (చార్జ్‌ను తనలో పట్టి ఉంచే గుణం; ఇది ఎక్కువైతే అంతే చార్జ్‌కు వోల్టేజ్ తగ్గుతుంది) 12 దగ్గర ఉంటుంది, పీజడ్‌టీది వేలల్లో ఉంటుంది, అందుకే అంతే ఒత్తిడికి, అంతే మందానికి వోల్టేజ్ ఇందులోనే దాదాపు పది రెట్లు ఎక్కువ. సెన్సింగ్‌కు నా ఓటు దీనికే. తలనొప్పులు లేకపోలేదు: వేలి వేడి తగిలినా సిగ్నల్ వస్తుంది, 80 డిగ్రీలు దాటితే పాడవుతుంది కాబట్టి సోల్డరింగ్ కుదరదు, పొడవాటి కేబుల్ పెడితే సిగ్నల్ సగం అందులోనే పోతుంది. కదలకుండా ఉండే బరువును మాత్రం రెండూ కొలవలేవు, చార్జ్ మెల్లగా కారిపోతుంది.

కరెంటు పుట్టించాలంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ చూడాల్సింది కప్లింగ్, అంటే యాంత్రిక శక్తి విద్యుత్తుగా ఎంత బాగా మారుతుందో చెప్పే అంకె. పీజడ్‌టీకి అది 0.7 దాకా ఉంటుంది, దాని వర్గం తీస్తే పదార్థంలోకి వెళ్లిన యాంత్రిక శక్తిలో దాదాపు సగం విద్యుత్తుగా మారగలదన్నమాట, పీవీడీఎఫ్‌లో రెండు శాతం చుట్టుపక్కలే. మోటారు మీద బిగించి, దాని కంపనం నుంచి కరెంటు తీసే హార్వెస్టర్‌కు పీజడ్‌టీ బీమే (ఊగే సన్నని పలక) సరైనది. కాకపోతే మోటారు వేగం కాస్త మారినా రెజొనెన్స్ (బీమ్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీతో పొంతన) తప్పి అవుట్‌పుట్ పడిపోతుంది, బాగున్న రోజున కూడా వచ్చేది మైక్రోవాట్లు, మహా అయితే కొన్ని మిల్లీవాట్లు. కెపాసిటర్‌లో కూడబెట్టి అప్పుడప్పుడూ ఒక రీడింగ్ పంపడానికి అది చాలు. పీజడ్‌టీ బరువులో 60 శాతం పైగా సీసమే కాబట్టి ఒంటికి తగిలే పరికరాల్లో నేనైతే వాడను.

చెప్పుల అడుగున, బట్టల్లో కరెంటు కావాలంటే మళ్లీ పీవీడీఎఫే, ఎందుకంటే అక్కడ సాగుడూ వంపూ ఎక్కువ. ఏది కొనాలో తేలకపోతే ముందు యాక్సెలరోమీటర్ పెట్టి ఒక రోజంతా కంపనాన్ని కొలవండి, ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర నిలకడగా ఉంటేనే పీజడ్‌టీకి డబ్బు పెట్టండి.