కొత్త డ్రైవరు చేతిలో 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్: 5 ఏళ్లు, 62,000 కిలోమీటర్ల తర్వాత

కొనేనాటికే నాలుగేళ్లు నిండిన బండి. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, 80 హార్స్‌పవర్ చిల్లర, ఐదు గేర్ల మాన్యువల్, బరువు టన్నుకి కాస్త తక్కువ. అప్పుడే లైసెన్సు వచ్చిన డ్రైవరు దగ్గర ఐదేళ్లు తిరిగింది. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. ఈ కొలతలున్న ఏ బండికైనా ఇవే మాటలు సరిపోతాయి. కొత్త చేతికిచ్చే కారు తప్పులు కాయాలి, పాడైతే సులువుగా బాగవ్వాలి. ఆ రెంటిలో ఇది మంచి మార్కులతో నెగ్గింది. మిగతా విషయాల్లో సాదాసీదా బండే.

ముందుగా పోయేది క్లచ్. ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్ లాగకుండా హాఫ్ క్లచ్‌తో (పెడల్ సగం మాత్రమే వదిలి) బండిని నిలబెట్టడం, నడుపుతున్నంతసేపూ ఎడమ కాలు పెడల్ మీద ఆనించి ఉంచడం, కొత్తవాళ్లందరికీ ఉండే అలవాట్లు ఇవి. మొదటిది క్లచ్ ప్లేటుని అరగదీస్తుంది, రెండోది పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్‌ని తినేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర లక్ష కిలోమీటర్లు దాటగలిగే ప్లేటు ఇక్కడ 38,000కే జారింది. నాలుగో గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత, ఆర్‌పీఎం ముల్లు పెరుగుతాయి గానీ వేగం పెరగదు. అదే గుర్తు. అనుమానముంటే చదునైన ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేక్ పెడల్ కూడా తొక్కిపట్టి, మూడో గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ప్లేటుకి పట్టు ఉంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే దాని పని అయిపోయింది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. సరదాకి పదిసార్లు చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

మార్చేటప్పుడు ప్లేటు, దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపే వేయించాలి. ఈ పనిలో గేర్‌బాక్స్ దించడమే పెద్ద కూలి. బేరింగ్ దగ్గర పొదుపు చేస్తే అది అరిచిన రోజు మళ్లీ అంతా దించాల్సిందే. చిన్న పెట్రోల్ బండ్లలో ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే, ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) సాధారణంగా ఒకటే దిమ్మగా ఉంటుంది కాబట్టి ఖర్చు ఇక్కడితో ఆగుతుంది. చాలా డీజిల్ బండ్లలో, పెద్ద టర్బోల్లో ఉండే, మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా చేసిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ కూడా పోయిందంటే బిల్లు ఎన్నో రెట్లవుతుంది. మొదటి కారుగా వాటిని వద్దనడానికి ఇదొక్కటే చాలు.

డీజిల్ వద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. ఇటీవలి డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, అంటే బండి కాసేపు ఏకబిగిన పరుగెత్తాలి. కొత్త డ్రైవరు తిరిగేదేమో నాలుగైదు కిలోమీటర్ల ముక్కలు. ఫిల్టర్ పూడుకుపోయి హెచ్చరిక లైటు వెలుగుతుంది, అప్పుడు మెకానిక్‌ని తిట్టుకుని లాభం లేదు.

80 హార్స్‌పవర్ తక్కువని కుర్రవాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి. 50లో ఉన్న బండికంటే 70లో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు దాదాపు రెట్టింపు శక్తిని పీల్చుకోవాలి, ఎందుకంటే ఆ శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. ఐదుగురు ఎక్కి ఏసీ వేసుకుంటే ఈ ఇంజిన్ ఎత్తు మీద నీరసపడే మాట నిజం. ఓవర్‌టేక్ చేయాలంటే మూడో గేర్లోకి దిగాలి, ఎదురుగా ఖాళీ బాగా ఉండాలి. ఆ ఓపిక నేర్పినందుకే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

సెకండ్ హ్యాండ్‌లో రెండు వేరియంట్ల మధ్య ఊగిసలాడుతుంటే సన్‌రూఫ్‌నీ పెద్ద స్క్రీన్‌నీ వదిలేసి స్టెబిలిటీ కంట్రోల్ ఉన్నదాన్ని తీసుకోండి. స్టీరింగ్ తిప్పిన దిక్కుకీ బండి నిజంగా తిరుగుతున్న దిక్కుకీ తేడా వస్తే, అది ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలోకి తెస్తుంది. 1995లోనే కార్లలోకి వచ్చినా, చిన్న బండ్ల చవక వేరియంట్లలో చాలాకాలం ఇవ్వలేదు. ఉందో లేదో ఇలా చూడాలి: తాళం ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డులో జారుతున్న కారు బొమ్మ కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఎయిర్‌బ్యాగ్ లైట్లకీ ఇదే లెక్క. ఆరకపోవడం ఒక జబ్బు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా పెద్ద జబ్బు. లోపమున్న ఎయిర్‌బ్యాగ్‌ని దాచడానికి ఎవరో బల్బు తీసేసి ఉండొచ్చు. ఏబీఎస్ ఉన్న బండిని కొత్తవాళ్లకి ఇచ్చేముందు ఖాళీ స్థలంలో 40 వేగంలో ఒకసారి బ్రేకు మీద నిలబడినంత గట్టిగా తొక్కించండి. పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంటుంది. అలా కొట్టుకోగానే భయపడి కాలు తీసేస్తే ఏబీఎస్ ఉండీ లేనట్టే. పూర్తిగా ఆగేదాకా తొక్కే ఉంచాలి, కావలసినవైపు స్టీరింగ్ తిప్పుకోవచ్చు.

టైర్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి బాగా కనిపించినా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు వదులుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గేదాకా తిప్పొచ్చంటారు గానీ 3 దగ్గరే మార్చేయడం మేలు. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీది స్టిక్కర్ చెబుతుంది. మన బండికి 32 పీఎస్‌ఐ. రెండు వారాలకోసారి, బండి ఇంకా కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. రెండే కొత్త టైర్లు కొంటే వెనకచక్రాలకి వేయించండి. లాగేవి ముందు చక్రాలు కదా అని షాపువాళ్లు ముందుకే వేస్తామంటారు. ముందు పట్టు తప్పితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక పట్టు తప్పితే బొంగరంలా తిరుగుతుంది, దాన్ని సర్దడం కొత్త చేతికి రాదు.

ఫుట్‌పాత్ గట్టుకి చక్రం గుద్దడం మొదటి రెండేళ్లలో నాలుగుసార్లు జరిగింది. ప్రతిసారీ చక్రాల అలైన్‌మెంట్ (అవి సరైన కోణంలో ఉన్నాయో లేదో) చూపించాలి. ఒకసారి వదిలేస్తే ఎడమ ముందు టైరు లోపలి అంచు 5,000 కిలోమీటర్లలోనే నున్నగా అరిగింది. బయటినుంచి చూస్తే తెలియదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలివైపు చెయ్యి పెట్టి తడమాలి. బంపర్లకి గీతలు సరేసరి. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ అంచులున్న బంపర్ ఇక్కడ వరం.

వాడిన బండి కొనేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే చూడాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకోరోజు రండి. స్టార్ట్ చేయగానే నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. సీటు బెల్టుని చివరిదాకా లాగండి, బురద మరక గీతలా కనబడితే బండి నీళ్లలో మునిగింది. బండి కంప్యూటర్‌లోని లోపాలని చదివే ఓబీడీ స్కానర్ పెట్టినప్పుడు లోపాల కోడ్‌లు లేవని సంబరపడకుండా రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) కూడా చూడాలి. సగం నాట్ రెడీ అని చూపిస్తే మెమరీని ఈమధ్యే చెరిపారు. బ్యాటరీ మార్చినా అలాగే అవుతుంది కాబట్టి వెంటనే నిందవేయకండి. వంద కిలోమీటర్లకు పైగా తిరిగాక మళ్లీ పెట్టి చూడండి.

రోజువారీ పోషణ తేలికే. ఏడాదికి లేదా 10,000 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్, ఎందుకంటే అది గాలిలోని తేమని పీలుస్తుంది: కొత్త డాట్ 4 రకం బ్రేక్ ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరగొచ్చు. బ్రేక్ ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకి రాకముందే మార్చాం. బ్యాటరీ నాలుగో ఏడు పోయింది. ఇవి తప్ప ఇంజిన్ జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు.

నచ్చనిదొకటి. డిక్కీలో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్ ఇచ్చారు. మేకు గుచ్చుకుంటే ఆ ద్రవం సరిపోతుంది గానీ గట్టుకి గుద్ది పక్కగోడ చీలితే ఎందుకూ పనికిరాదు, కొత్త డ్రైవర్లు చీల్చేదేమో పక్కగోడే. విడిగా ఓ సన్న స్టెప్నీ, జాకీ కొని పెట్టాం. దానితో 80 వేగం దాటకూడదు. నట్లు ఎదురెదురుగా బిగించాలి, 50 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూసుకోవాలి.