మిద్దెతోట కిట్: సంచులకు నాలుగు స్టార్లు, విత్తనాలకు సున్నా

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తున్నా: డాబా మీద కూరగాయలు పెంచుకోవడానికని కొన్న ఈ కిట్‌లో మొక్కలు పెట్టే సంచులు చాలా బాగున్నాయి, కొబ్బరిపొట్టు పరవాలేదు, విత్తనాలు శుద్ధ దండగ. సంచులు విడిగా అమ్ముతుంటే తీసుకోండి, మొత్తం కిట్ జోలికి పోవద్దు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఇలాంటి కిట్లు ఆన్‌లైన్‌లో బోలెడు, పెట్టె మీద నవ్వుతూ టమాటాలు కోసే అమ్మాయి ఫోటో మారుతుందే తప్ప లోపలి సరుకు ఇంచుమించు ఇదే.

పెట్టెలో వచ్చినవి: పదిహేనంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి గ్రో బ్యాగులు పది, ఆకుకూరలకని పొడవాటివి రెండు, ఐదు కిలోల కొబ్బరిపొట్టు ఇటుక ఒకటి, ఐదు కిలోల వర్మీకంపోస్టు, కాస్త వేపపిండి, అరచేతిలో ఇమిడే వేపనూనె సీసా, ఓ చిన్న తాపీ, పన్నెండు రకాల విత్తనాల పొట్లాలు. ప్రకటనలో మాత్రం ఇంకేమీ కొనక్కర్లేదు, పెట్టె తెరిచి పెంచుకోవడమే అన్నట్టు రాశారు. అసలు మెలిక అక్కడే ఉంది. ఆ గుండ్రటి బ్యాగు ఒకటి నిండాలంటే 40 లీటర్ల మిశ్రమం కావాలి, పదింటికి 400 లీటర్లు. ఇటుకని నీళ్ళలో నానబెడితే ఉబ్బి ఉబ్బి ఓ 70 లీటర్లు అవుతుంది, వర్మీకంపోస్టు పది లీటర్లు కూడా రాదు. అంటే వాళ్ళిచ్చిన దాంతో రెండు బ్యాగులు నిండుతాయి, మిగతావన్నీ ఖాళీ. పైగా ఉత్త కొబ్బరిపొట్టులో మొక్కకి తిండేమీ ఉండదు, అది తేమ పట్టి ఉంచడానికీ మట్టి గుల్లగా ఉండడానికీ అంతే.

కాబట్టి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు మీరే తెచ్చుకోవాలి. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు, దగ్గర్లోని నర్సరీ వాళ్ళే బస్తాల్లెక్కన ఇంటిదాకా తెచ్చి పడేశారు, కానీ రెండంతస్తుల మెట్లు ఎక్కించే పని మాత్రం మన నడుముదే. సుమారు సగం ఎర్రమట్టి, పావు ఎరువు, పావు కొబ్బరిపొట్టు, సంచికో గుప్పెడు వేపపిండి, ఇది మాకు బాగా పనిచేసింది. ఎరువు పచ్చిగా ఉంటే వేళ్ళు మాడతాయి, వేడి తగలకుండా, వాసన రాకుండా, పొడిపొడిగా ఉంటేనే తీసుకోండి. ఇంకో సంగతి ఏ అమ్మేవాడూ చెప్పడు: నీళ్ళు పోసిన తర్వాత ఒక్కో సంచి 40 కిలోలు దాటుతుంది. అన్నీ తీసుకెళ్ళి స్లాబు నడిమధ్య పేర్చకండి, గోడల వెంబడి, బీముల మీదుగా సర్దండి, కింద ఇటుకలు పెట్టి ఎత్తులో ఉంచితే నీళ్ళు నిలవ్వు, స్లాబు చెమ్మ పట్టదు. సొంతిల్లు, ఓపిక రెండూ ఉన్నవాళ్ళకి ఇటుక మడులే నయం, హైదరాబాద్ శివార్లలోని నారపల్లిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు అలా మడులు కట్టే డాబా మీద పండించారు, మిద్దెతోట అనే మాట ఇంతమంది నోట్లో నానడానికి ఆయన కూడా ఓ కారణం. అద్దె ఇళ్ళవాళ్ళకి మాత్రం సంచులే గతి.

ఆ సంచుల విషయానికొస్తే, మెచ్చుకోవాల్సిందే. 240 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 240 గ్రాములు) హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం ప్లాస్టిక్ అని రాశారు, చేత్తో పట్టుకుంటేనే ఆ మందం తెలుస్తోంది. అడుగున నీళ్ళు పోయే రంధ్రాలకి రింగులు వేశారు, పిడులు రెండు వరసలు కుట్టారు, నిండు సంచిని ఇద్దరం చెరోవైపు పట్టుకుని జరిపినా దారం తెగలేదు. ఇంతకుముందు నర్సరీలో దొరికే పలచటి తెల్ల ప్లాస్టిక్ కవర్లు వాడాం, రోహిణి కార్తె ఎండలకి అవి అప్పడంలా అయిపోయి ముట్టుకుంటే పెళుసుగా విరిగేవి. ఇవి వేసవి దాటాయి, రంగు కాస్త వెలిసిందంతే.

కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, వాళ్ళు కడిగి పంపామని రాసినా నమ్మకండి. మొదటిసారి నానబెట్టిన నీళ్ళు చిక్కటి టీ డికాషన్ రంగులో వచ్చాయి, తేటబడేదాకా పిండి పారబోసి వాడితే మొలకలకి ఇబ్బంది రాలేదు.

ఇక విత్తనాలు. పన్నెండు పొట్లాల్లో ఒకటి మెంతులు, ఒకటి ధనియాలు, ఒకటి ఆవాలు! ఇవి మన పోపుల డబ్బాలో లేవా? ధనియాలు రెండుగా నలిపి చల్లితే కొత్తిమీర, మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే మెంతికూర, దీనికి రంగు పొట్లం ఎందుకో. మిగతావాటి మీద బెండ, టమాటా, వంగ అని పేర్లున్నాయి తప్ప ఏ రకమో లేదు, పరీక్షించిన తేదీ లేదు, మొలక శాతం లేదు. సర్టిఫైడ్ విత్తనమైతే బెండలో కనీసం 65 శాతం, టమాటాలో 70 శాతం మొలవాలి, ఆ సంగతి లేబుల్ మీద ఉండాలి. కిట్ బెండ మూడొంతులు మట్టిలోనే కుళ్ళింది, మొలిచినవాటికి కూడా ఈనెలు పసుపెక్కి పల్లాకు తెగులు వచ్చింది. ఫోన్ చేస్తే "మేడమ్, నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారు" అన్నారు. అదే సంచిలో, అదే మట్టిలో, బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క అనామిక బెండ వేస్తే వరసగా లేచింది. అది పల్లాకు తెగులుని తట్టుకునేలా తయారుచేసిన రకం, ఆ సంస్థ విత్తనాలు ఆన్‌లైన్‌లోనే అమ్ముతుంది. బీర విత్తనాలు పక్కింటి పిన్నిగారు ఇచ్చారు, ముదిరి ఎండిన కాయని ఊపితే గలగలలాడింది, మూతి తుంచి వంచితే నల్లటి గింజలు దోసిట్లోకి రాలాయి. ఖర్చు లేదు, ఫోన్ కాల్ లేదు.

వేపనూనె సీసా మీద కూడా నాకు అనుమానమే. వేపనూనె అంటే మూత తీయగానే ముక్కు పక్కకి తిప్పుకోవాలి, ఇది సెంటు సీసాలా ఘుమఘుమలాడింది. మొక్కకి తెల్లగా పిండిలా పట్టే పిండినల్లి పురుగు మీద కొడితే ఏమాత్రం చలనం లేదు. బయట గానుగ నూనె కొని, లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి సాయంత్రం పూట ఆకుల అడుగున కొడితే తగ్గింది. వంగలో కొమ్మ చివర వాడి వేలాడిందంటే లోపల పురుగు ఉన్నట్టే, దానికి మందు కన్నా కింది దాకా తుంచి పారేయడం మేలు.

ఇంత గోల ఎందుకు, రైతుబజారులో కొనుక్కోవచ్చుగా అంటారు మా ఇంట్లో. నిజమే, డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మట్టి, ఎరువు, గ్రీన్ నెట్, మోటరు కరెంటు అన్నీ లెక్కేస్తే తొలి ఏడాది మన తోటకూర కట్ట మార్కెట్ కట్ట కన్నా ఖరీదే. రెండు బెండ మొక్కలతో నలుగురికి వేపుడు అవదు, కనీసం పది మొక్కలుండాలి, అప్పుడు కూడా రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరి పీచైపోతుంది. మాకు కాస్తయినా గిట్టుబాటైంది ఆకుకూరలే. తోటకూర నెల తిరక్కుండా కోతకొస్తుంది, పాలకూర కోసిన కొద్దీ చిగురుస్తుంది, బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, కూరకి తెచ్చిన కాడ గుచ్చితే పాకుతుంది. ఆ పొడవాటి సంచులు రెండే ఇచ్చారు, నిజానికి అవే నాలుగిచ్చి గుండ్రటివి తగ్గించాల్సింది.

కానీ బీర తీగ సంగతి వేరు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మా డాబా మీద తేనెటీగలు తక్కువ, పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే చేత్తో పరాగం అంటించడం మొదలుపెట్టాం. ఆడపువ్వు వెనక వేలెడు పిందె ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడే. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న బుడిపెని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. మా అబ్బాయి ట్యూషన్ నుంచి రాగానే ఫోన్ లైటు పట్టుకుని వాడే చేస్తాడు, తర్వాత ఆ కాయకి తనే యజమాని అన్నట్టు రోజూ కొలుస్తాడు. ఆ లేత బీరకాయలకి చెక్కు తీస్తే వచ్చే పొట్టుతో, రెండు పచ్చిమిర్చి, చింతపండు, నువ్వులు వేసి రోట్లో నూరిన పచ్చడి, ఎన్నాళ్ళయిందో తిని. మార్కెట్ కాయ పొట్టు మీద ఏ మందు కొట్టారో అని పారేసేవాళ్ళం. ఇప్పుడు కూర కన్నా ముందు పొట్టుకే పోటీ. టమాటాలు కూడా అంతే, చెట్టు మీదే పూర్తిగా పండనిచ్చి కోస్తే చారుకి చింతపండు సగం చాలు.

కిట్‌లో రానివి, తప్పకుండా కావలసినవి ఇంకో రెండున్నాయి: మార్చి చివరికల్లా ఎండని సగం ఆపే 50 శాతం గ్రీన్ నెట్, పావురాలకి వల. ఈ రెండూ లేకపోతే మొలకలు ఎండకి సగం, పావురాలకి సగం. ఊరెళ్తే నీళ్ళు పోసే మనిషి కూడా కావాలి, అది ఏ కంపెనీ పంపదు.

మొత్తం మీద కిట్‌కి అయిదులో రెండున్నర. మొన్న అదే కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, కొత్తగా ప్రీమియం కిట్ తెచ్చారట, ఈసారి విత్తనాలు ఇరవై రకాలట, అందులోనూ మెంతులున్నాయి. సంచులు మాత్రం విడిగా పెట్టారు, ఐదు పొడవాటివి ఆర్డర్ చేశాను.