యాపిల్ టీవీ 4కె: ‘మ్యాచ్ కంటెంట్’ ఆన్ చేశాకే అసలు బొమ్మ

మా హాల్లో 55 అంగుళాల టీవీకి యాపిల్ టీవీ 4కె అనే స్ట్రీమింగ్ పెట్టె తగిలించి చాలాకాలమైంది. వెలుగునీడలు, రంగులు మరింత బాగా చూపే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో మా టీవీలో హెచ్‌డీఆర్10 ఉంది, డాల్బీ విజన్ లేదు. ఇన్నాళ్లు వాడాక నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: వీడియో ఎలా తీశారో అలాగే టీవీకి చేరాలి, మధ్యలో పెట్టె దాన్ని మార్చకూడదు.

అందుకు సెట్టింగ్స్‌లో ‘వీడియో అండ్ ఆడియో’లోకి వెళ్లి, ఫార్మాట్ 4కె ఎస్‌డీఆర్ (హెచ్‌డీఆర్ కాని మామూలు వీడియో) 60 హెర్ట్జ్ (తెర సెకనుకు 60 సార్లు మారడం) పెట్టండి. తర్వాత ‘మ్యాచ్ కంటెంట్’ కింద డైనమిక్ రేంజ్ (ఎస్‌డీఆరా, హెచ్‌డీఆరా అన్నది), ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) రెండూ ఆన్ చేయండి. ఎస్‌డీఆర్ అనగానే క్వాలిటీ పోతుందని టెన్షన్ వద్దు. హెచ్‌డీఆర్ సినిమా మొదలవగానే పెట్టె తనంతట తానే అందులోకి మారుతుంది. ఎప్పుడూ హెచ్‌డీఆర్‌లోనే ఉంచితే మామూలు వీడియోలు, మెనూలు కూడా హెచ్‌డీఆర్‌గా మారి వస్తాయి. మా టీవీలో అలా చూసిన పాత సినిమాల్లో నలుపు బూడిద రంగులోకి దిగింది, ముఖాలు ఎర్రబడ్డాయి.

ఫ్రేమ్ రేట్ విషయం నాకు ఇంకా ముఖ్యం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. దాన్ని 60 హెర్ట్జ్‌లో చూపాలంటే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు రావాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగేటప్పుడు, చివర్లో పేర్లు పైకి వెళ్లేటప్పుడు కనిపించే కుదుపు అదే. మ్యాచ్ పెట్టాక మా ఇంట్లో అది పోయింది. మన దేశంలో టీవీ ప్రసారాలు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్కలో వచ్చే క్రికెట్‌కీ ఇది మేలే. యాప్ కూడా సహకరించాలి, కొన్ని యాప్‌లలో ఫ్రేమ్ రేట్ అసలు మారదు.

సినిమా మొదలైనప్పుడు, ఆపినప్పుడు తెర ఓ రెండు సెకన్లు నల్లబడుతుంది. కొత్త సిగ్నల్‌ను టీవీ పట్టుకునే సమయం అది, ఏదో పాడైందనుకోకండి. రీల్స్ లాంటి చిన్న వీడియోలు వరసగా చూసేవాళ్లకు మాత్రం ఇది విసుగే. హెచ్‌డీఎంఐ (పెట్టెను టీవీకి కలిపే కనెక్షన్) 2.1లోని క్విక్ మీడియా స్విచింగ్ అనే సదుపాయం పెట్టెలో, టీవీలో రెండింట్లోనూ ఉంటే ఫ్రేమ్ రేట్ మారేటప్పుడు ఈ బాధ ఉండదు.

టీవీ వైపు కూడా పని ఉంది. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టును సెట్టింగ్స్‌లో విడిగా ‘ఎన్‌హాన్స్‌డ్’ లాంటి మోడ్‌లోకి మార్చాలి, లేకపోతే 4కె హెచ్‌డీఆర్ పూర్తిగా రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్లు) వేగానిది ఉండాలి. మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా కొత్తవి చేర్చడం) ఆపేయండి.

శాంసంగ్ టీవీ ఉన్నవాళ్లకు ఒక మాట: వాటిలో డాల్బీ విజన్ ఉండదు, దాని బదులు హెచ్‌డీఆర్10 ప్లస్ అనే మరో హెచ్‌డీఆర్ పద్ధతి ఉంటుంది. అది 2022 మోడల్ యాపిల్ టీవీలో ఉంది. పాతది చవగ్గా దొరికినా, మీరు మాత్రం 2022 మోడలే తీసుకోండి.