స్టార్ ట్రెక్ పాత సిరీస్, కెనడీ బాకీలు: ఏళ్ల తరబడి చూసినాక నా రివ్యూ

స్టార్ ట్రెక్ అంటే ఇప్పటి పిల్లలకి కొత్త సినిమాలే గుర్తొస్తాయి, నేను చెప్పేది 1966 నుంచి 1969 దాకా అమెరికాలో ఎన్‌బీసీలో వచ్చిన పాత సిరీస్ గురించి, మూడు సీజన్లు, మొత్తం 79 ఎపిసోడ్లు. చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చేది. ఇంగ్లీషు పావు వంతు కూడా ఎక్కేది కాదు, చెవులు మొనదేలి ఉన్నాయన స్పాక్, పసుపు చొక్కా ఆయన కెప్టెన్ కర్క్, అంతవరకే. తర్వాత డీవీడీల్లో చూసినా, ఇప్పుడు పెద్ద టీవీలో చూస్తా ఉన్నా, మా ఇంట్లో వాళ్లు "మళ్లీ అదేనా" అని అడగడం కూడా మానేసినారు.

ముందు బొమ్మ సంగతి చెప్పేస్తా. 2006 నుంచి శుభ్రం చేసి వదిలిన వెర్షన్‌లో కర్క్ వాళ్లు అంతరిక్షంలో తిరిగే ఓడ షాట్లు, గ్రహాల షాట్లు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మార్చినారు, కళ్లకు హాయిగానే ఉంటాది కానీ నాకు పాతవే ఇష్టం, బ్లూరేలో ఐతే రెండిట్లో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. రాళ్లు మాత్రం ఎంత శుభ్రం చేసినా డొల్ల రాళ్లే, పొద్దున లేస్తే తిరుమల కొండ చూసే మాబోటోళ్లకి ఆ రాయి ఎత్తి విసిరే సీన్లు చూస్తే నవ్వాగదు. సబ్‌టైటిల్స్ పెట్టుకొని చూడండి, కర్క్ మాట మధ్యలో ఆగి ఆగి సాగదీస్తాడు, కొత్తోళ్లకి పట్టుకోవడం కష్టం.

ఇంగ అసలు విషయం. ఇన్నేళ్లు చూసినాక నాకు ఈ సిరీస్ సైన్స్ కథల మాదిరి కంటే, అమెరికా ప్రెసిడెంట్ కెనడీ పోయినాక బీరువాలో దొరికిన లెక్కల పుస్తకం మాదిరి కనిపిస్తా ఉంది. 1960లో ప్రెసిడెంట్ ఎలక్షన్లో ఆయన పట్టుకున్న నినాదం న్యూ ఫ్రాంటియర్, అంటే కొత్త సరిహద్దు, ఇక్కడ ప్రతి ఎపిసోడ్ ముందు కర్క్ గొంతులో వచ్చేది ఫైనల్ ఫ్రాంటియర్. చిన్న వయసు, చొరవ, మాటకారితనం, ఆడోళ్ల దగ్గర ఆ వేషాలు, అన్నీ కలిపి చూస్తే కర్క్‌ని యాడ నుంచి తెచ్చినారో వేరే చెప్పక్కర్లేదు. అదైతే ఎవరికైనా కనిపిస్తాది. ఆయన వదిలిపోయిన బాకీలు కూడా ఇందులో ఉన్నాయని నాకు చాలా లేటుగా తెలిసొచ్చింది.

కెనడీ 1961 మే 25న పార్లమెంటులో, అదే వాళ్ల కాంగ్రెస్‌లో, ఈ పదేళ్లు అయ్యేలోపు మనిషిని చంద్రుడి మీద దింపి క్షేమంగా వెనక్కి తెస్తామని మాటిచ్చినాడు. వినడానికి ఎంత గొప్పగా ఉందో. కానీ 1962 నవంబర్‌లో నాసా పెద్ద జేమ్స్ వెబ్‌తో జరిగిన మీటింగ్ టేపు ఉంది, అందులో ఆయనే నాకు స్పేస్ మీద అంత ఆసక్తి లేదు, రష్యావాళ్లని దాటాలి, అంతే అన్నట్టు మాట్లాడతాడు. మళ్లీ 1963 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితికి పోయి, చంద్రుడి దగ్గరికి రష్యాతో కలిసే పోదాం అన్నాడు. ఒకే మనిషి, ఏడాది కూడా తిరగలేదు. ఏది నిజం అంటే నాకైతే రెండూ నిజమే. సిరీస్‌లో కూడా అంతే, రెండో సీజన్లో చెకోవ్ అని రష్యా కుర్రాడిని తెచ్చి ఓడ నడిపే సీట్లో కూర్చోబెట్టినారు, అదే సీజన్లో రష్యా పోలికలతో క్లింగాన్లు అనే వేరే గ్రహమోళ్లు విలన్లుగా వస్తానే ఉంటారు.

చంద్రుడి బాకీ 1969 జులై 20న తీరింది. సిరీస్ చివరి ఎపిసోడ్ జూన్ 3న వచ్చి అయిపోయింది, నెలన్నర తేడాతో మిస్ అయినారు పాపం.

రెండో బాకీ వియత్నాం. కెనడీ కుర్చీ ఎక్కేటప్పుడు అక్కడ అమెరికా మిలిటరీ సలహాదారులు వెయ్యిలోపే, ఆయన పోయేనాటికి దాదాపు 16,000 మంది, 1968కి వచ్చేసరికి సైన్యం ఐదు లక్షలు దాటిపోయింది. 1968 ఫిబ్రవరి 2న వచ్చిన ఎపిసోడ్ 'ఎ ప్రైవేట్ లిటిల్ వార్' తప్పకుండా చూడండి, వియత్నాంలో అమెరికా పక్షం మీద కమ్యూనిస్టుల పెద్ద దాడులు, టెట్ దాడులంటారు, అవి మొదలైన వారమే అది టీవీలో వచ్చింది. ఒక గ్రహంలో కొండోళ్లు విల్లంబులతో బతుకుతా ఉంటారు, క్లింగాన్లు దొంగచాటుగా పక్క ఊరోళ్లకి నాటు తుపాకులు నేర్పించి ఇస్తారు. మన కర్క్ ఏం చేస్తాడంటే, కొండోళ్లకి కూడా సరిగ్గా అదే రకం తుపాకులు, వాళ్లకెన్నో వీళ్లకీ అన్నే, బ్యాలెన్స్ ఉండాలి అంటాడు. డాక్టర్ మెక్‌కాయ్ గొడవ పెట్టుకుంటాడు. చివర్లో కర్క్ ఓడకి ఫోన్ చేసి వంద తుపాకులు తయారు చేయమంటాడు, ఇంజనీరు స్కాటీకి అర్థం కాక "వంద ఏంటివి?" అని మళ్లీ అడుగుతాడు. అప్పుడు కర్క్ తుపాకులని కూడా అనడు, పాములు అంటాడు, స్వర్గం లాంటి తోటలోకి పాములు అని. ఆ మొహంలో గెలిచినోడి కళ లేదు, పడుకుంటే చాలన్నట్టు ఉంటాడు. మ్యూజిక్ కూడా పెద్దగా ఏం లేపరు.

అది చూసి మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఇవ్వకపోతే వాళ్లు చస్తారు, ఇచ్చినా చస్తారు, మరి ఈయన హీరో ఎట్లా అయినాడు?" అని. నేను టీ తెచ్చుకుంటానని లేచినా.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, కెనడీ బతికుంటే వియత్నాం యుద్ధమే ఉండేది కాదు సార్ అని వాదిస్తాడు. పోయిన నాయకుడి గురించి "ఆయన ఉంటేనా" అనే మాట మన టీ కొట్ల దగ్గర కూడా రోజూ వినేదే. ఆయనకీ ఆధారం లేకపోలేదు, 1963 అక్టోబర్‌లో వియత్నాం నుంచి వెయ్యి మందిని వెనక్కి పిలిపించాలని ఆర్డరైతే ఉంది. కానీ నవంబర్ మొదట్లోనే దక్షిణ వియత్నాం ప్రెసిడెంట్ జియెమ్‌ని అక్కడి సైన్యమే దించి చంపేసింది, దించబోతున్నారని అమెరికాకి ముందే తెలుసు, అడ్డం పడలేదు. మూడు వారాలకి కెనడీ కూడా లేడు. ఆ 'ఉంటేనా' అనే దాని మీద నాకైతే నమ్మకం లేదు, ఆ ఎపిసోడ్ రాసినోళ్లకీ లేనట్టే అనిపిస్తాది.

పేరు సంగతి కూడా తమాషానే. కెనడీ పోయిన వారంలోనే, అమెరికా రాకెట్లు ఎగిరే కేప్ కెనవరల్‌ని కేప్ కెనడీ చేసినారు, ఫ్లోరిడా జనం ఒప్పుకోలేదు, 1973లో పాత పేరు మళ్లీ వచ్చేసింది, స్పేస్ సెంటర్‌కి మాత్రం కెనడీ పేరు నిలబడింది. మనకైనా పేర్లు పెట్టడం తీయడం కొత్తా ఏంది. కేరళ తుంబలో మొదటి రాకెట్ ఎగిరింది 1963 నవంబర్ 21న, అమెరికా వాళ్లిచ్చిన నైకీ అపాచీ, తెల్లారితే డల్లాస్‌లో కెనడీ మీద కాల్పులు. ఇప్పుడు శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోనే ఉంది, రాత్రి పూట లాంచ్ ఉంటే మేడ మీదకి పోయి తూర్పు పక్క నిలబడితే ఎర్రగా గీత లేస్తాది, మా వీధిలో పిల్లలంతా అరుస్తారు.

ఇంకో మాట. ఓడలో రేడియో చూసుకునే ఉహురా వేషం వేసిన నల్లజాతి నటి నిషెల్ నికల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ వద్దని ఆపినాడంట, ఆమే చెప్పుకునింది. తర్వాత ఆమె నాసా కోసం ఆడవాళ్లని, నల్లవాళ్లని అప్లై చేయమని ఊరూరా తిరిగింది. ఐతే సిరీస్‌లో ఆమెకి రాసిన డైలాగులు చూస్తే కోపమొస్తాది, సగం ఎపిసోడ్లలో ఫోన్ ఎత్తే పనే. సగం మొహం నలుపు సగం తెలుపు ఉండే ఇద్దరి ఎపిసోడ్ ఒకటుంది, ఒకడికి కుడి పక్క నలుపు, ఇంకోడికి ఎడమ పక్క, దాని కోసమే కొట్టుకుంటా ఉంటారు, మా ఆవిడ వంటింట్లోంచి ఒక చూపు చూసి "మీ వాళ్లెవరు అని అడుగుతున్నాడా వాడు" అనింది.

మూడో సీజన్ బడ్జెట్ కోసేసినారు, శుక్రవారం రాత్రి పదింటికి తోసేసినారు, అది తెలిసిపోతాది. దాని మొదటి ఎపిసోడ్, స్పాక్ మెదడు ఎత్తుకుపోయేది, దాన్ని వదిలేయండి. 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'తో మొదలుపెట్టండి, తర్వాత తుపాకుల ఎపిసోడ్. నా రేటింగ్ ఐదుకి నాలుగు, తగ్గించిన ఆ ఒకటి ఉహురా డైలాగులకి.