వాటర్లూలో ఓపెన్‌హైమర్, ఇంటర్వెల్ లేకుండా

2023 ఆగస్టులో ఆఫీసు పని మీద లండన్ వెళ్లి, దొరికిన ఒక్క ఖాళీ రోజూ సినిమాకే పెట్టాను. అదీ ఒకసారి చూసేసిన సినిమాకి! 'ఓపెన్‌హైమర్'ని విడుదలైన వారమే బెంగళూరులో డిజిటల్ ఐమాక్స్‌లో చూశాను. కానీ ఐమాక్స్ 70 ఎంఎం ఫిల్మ్ మీద, అంటే డిజిటల్ కాకుండా పెద్ద సైజు రీలు మీద, ఆడింది ప్రపంచం మొత్తంలో 30 హాళ్లలోనే, మన దేశంలో ఒక్కటీ లేదు. లండన్‌లో మాత్రం వాటర్లూ స్టేషన్ దగ్గర బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) ఐమాక్స్ ఉంది.

హీత్రూ నుంచి ఎలిజబెత్ లైన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, అక్కడ నార్తర్న్ లైన్ మారితే వాటర్లూ. దారి సులువే. బస్సయితే అప్పట్లో ఎంత దూరమైనా 1.75 పౌండ్లు. రూపాయల్లోకి మార్చుకోవడం రెండో రోజుకి మానేశాను, లేకపోతే మంచినీళ్లు కూడా తాగలేం.

హాలుకి నడిచి వెళ్లొచ్చని దగ్గర్లోనే గది తీసుకున్నాను. అది పొరపాటు. సూట్‌కేస్ తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు, మూడో అంతస్తుకి లిఫ్ట్ లేదు. ఖాళీ చేశాక సామాను కాసేపు ఉంచుకోవడానికి వేరే డబ్బులట, బుకింగ్‌లో ఆ మాటే లేదు. రెండు స్టేషన్ల అవతల ఉన్నా నష్టం లేదు.

హాలు మాత్రం అద్భుతం. రోడ్ల కూడలి మధ్యలో గుండ్రటి అద్దాల కట్టడం, లోపలికి నేల కింది దారులు. ఒకసారి తప్పు మెట్లెక్కి రోడ్డు అవతల తేలాను. తెర 20 మీటర్ల ఎత్తు, 26 మీటర్ల వెడల్పు. నాకు దొరికింది ముందు నుంచి మూడో వరుస, మెడ పట్టేసింది. మీరు వెనక వరుసల మధ్య సీటు దొరికేదాకా ఆగండి. బెంగళూరులో పైనా కిందా కత్తిరించినట్టున్న బొమ్మ ఇక్కడ నిలువునా నిండిపోయింది. ముఖం మీది చెమట కూడా కథ చెప్పింది. డైలాగులు మాత్రం అక్కడా ఇక్కడా సంగీతం కింద నలిగిపోయాయి. మూడు గంటలు, ఇంటర్వెల్ లేదు. మన అలవాటుకి అది చిన్న పరీక్షే.

నన్ను ఆశ్చర్యపరిచింది జనం. నాలుగో వారం, బుధవారం ఉదయం, హాలు నిండుగా ఉంది! మన దగ్గర సోమవారానికే కలెక్షన్లు కూలబడతాయి. ఇక్కడ హాళ్లు తక్కువ, ఒక్కో ప్రింటు దాదాపు 18 కిలోమీటర్ల ఫిల్మ్, సుమారు 270 కిలోల బరువు, హడావిడిగా షోలు పెంచడం కుదరదు. మొదటి వారం టికెట్ దొరకనివాళ్లు మానుకోకుండా తర్వాతి వారాలకి జరిగారు. అమెరికాలో 8.2 కోట్ల డాలర్ల ఓపెనింగ్ వీకెండ్ చివరికి దాదాపు 33 కోట్లకి చేరిందంటే ఈ లాంగ్ రన్ చలవే. ప్రపంచవ్యాప్తంగా 95 కోట్లు దాటింది, అందులో సుమారు ఐదో వంతు ఐమాక్స్ తెరల నుంచే. జపాన్‌లోనైతే ఆస్కార్లు వచ్చాక, 2024 మార్చిలో గానీ విడుదల కాలేదు.

షో అయ్యాక థేమ్స్ ఒడ్డున కాసేపు నడిచి, మెడ పట్టుకునే వెళ్లి సామాను డబ్బులు కట్టాను.