వాంపైర్‌లో ఇంజిన్ ఆగితే దూకడం మేలా, దించడం మేలా?

హకీంపేటలో ఒకప్పుడు ఫైటర్ పైలట్ల శిక్షణ వాంపైర్ విమానాల మీద సాగిందన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకే ఇంజిన్ ఉన్న ఆ తొలితరం జెట్‌లో అది గాలిలో ఆగిపోతే పారాచూట్‌తో దూకడం మేలా, విమానాన్ని ఎలాగో నేలకు దించడం మేలా?

నా దృష్టిలో దీన్ని తేల్చేది ధైర్యం కాదు, పైలట్ చేతిలో మిగిలిన ఎత్తు. 1948లో మన వైమానిక దళంలోకి తొలి జెట్‌గా వచ్చిన వాంపైర్ ఒంటిసీటు రకాల్లో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీటు లేదు. దూకాలంటే కానోపీని, అంటే తలపైనున్న అద్దాల కప్పును, వదిలించుకొని, పట్టీలు విప్పుకొని, పైలట్ తనంతట తానే బయటపడాలి. వెనక తోకను మోసే రెండు పొడవాటి బూముల మధ్య అడ్డంగా తోకరెక్క ఉంటుంది కాబట్టి, నేరుగా పైకి లేస్తే గాలి విసురుకు దానికి కొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే వేగం తగ్గించి, విమానాన్ని తలకిందులు చేసి, కిందికి జారిపడటం మేలనుకునేవారు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తున్నంతసేపూ ఎత్తు కరిగిపోతూనే ఉంటుంది.

దించడానికి వాంపైర్ అనువైన విమానం. ప్రొపెల్లర్ లేదు కాబట్టి ఇంజిన్ ఆగినా గాలిలో తేలుతూ చాలా దూరం వస్తుంది, పొట్ట మీద దిగినప్పుడు ముందు నేలలో గుచ్చుకునేదీ ఏమీ ఉండదు. అయితే ఇంజిన్ ఆగితే చక్రాలను, ఫ్లాప్స్‌ను కదిలించే హైడ్రాలిక్ (నూనె) ఒత్తిడి కూడా తగ్గిపోతుంది. రెక్కల వెనక అంచున ఉండే పలకలైన ఆ ఫ్లాప్స్ దించాలంటే ఒక చేత్తో విమానాన్ని నడిపే కర్ర పట్టుకొని, రెండో చేత్తో పంపు కొడుతూనే ఉండాలి. రన్‌వే అందుతుందన్న నమ్మకం ఉంటేనే చక్రాలు దించాలి. తెలియని పొలమైతే చక్రాలు మూసే ఉంచి, ఇంధనం కట్టేసి, భుజాల పట్టీలు బిగించుకొని, కానోపీని ముందే వదిలేయాలి.

రెంటిలో నేను దించడానికే మొగ్గుతాను, కానీ నేల అనుకూలిస్తేనే. హకీంపేట చుట్టుపక్కల బండరాళ్లు, వరి మడుల గట్లు ఎక్కువ. పైనుంచి చదునుగా కనిపించే మడిలో మూరెడు గట్టు చాలు, జారుతున్న విమానాన్ని ఎత్తి పడేయడానికి. అలాంటి చోట ఎత్తు ఉండగానే దూకాలని నిశ్చయించుకోవడం మంచిది, ఎందుకంటే కిందికి వచ్చాక ఆ దారి మూసుకుపోతుంది.

ఇంజిన్‌ను మళ్లీ వెలిగించాలన్న ప్రయత్నం ఎత్తు దండిగా ఉన్నప్పటి మాట. చెరువులో దించడం మాత్రం వద్దు. రెక్కల మొదట్లో ఉన్న గాలి మార్గాలు నీటిని అందుకుంటే విమానం ముక్కు మునుగుతుంది.

మంట లేచినప్పుడు మాత్రం నా మొగ్గు మారుతుంది. పైలట్ కూర్చునే ముందు భాగం ప్లైవుడ్, బాల్సా చెక్కతో చేసింది, ఇంజిన్ అతని వీపు వెనకే ఉంటుంది. అప్పుడు రన్‌వే కళ్లెదుట కనిపిస్తున్నా సరే, ఎత్తు చాలినంత ఉంటే దూకాల్సిందే.