యూనిటీనా, గొడోనా: గేమ్‌ను వెబ్‌లో పెట్టేటప్పుడు

నల్లగొండలోనో పాలమూరులోనో కాలేజీ పిల్లలు చేసే బతుకమ్మ గేమ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడుతుంది, లింక్ పంపితే మాత్రం తెరుచుకోదు. తప్పు ఎక్కువసార్లు కోడ్‌లో ఉండదు, యూనిటీ, గొడో అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్లలో గేమ్‌ను వెబ్‌కు సిద్ధం చేసే బిల్డ్ సెట్టింగ్‌లోనే.

యూనిటీలో చిక్కంతా కంప్రెషన్‌ది, అంటే ఫైళ్లను కుదించడానిది. బ్రాట్లీ అనే కుదింపు పద్ధతి పెడితే ఫైళ్ల చివర 'డాట్ బీఆర్' వస్తుంది. సర్వర్ 'కంటెంట్ ఎన్‌కోడింగ్: బీఆర్' అనే హెడర్ (ఫైల్‌తో పాటు బ్రౌజర్‌కు వెళ్లే సూచన) పంపకపోతే బ్రౌజర్ వాటిని విప్పదు, లోడింగ్ గీత మధ్యలోనే ఆగిపోతుంది. పైగా క్రోమ్‌లో బ్రాట్లీ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది. హెడర్లు మార్చనివ్వని గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత హోస్టింగ్ చోట, పబ్లిషింగ్ సెట్టింగ్స్‌లో 'డీకంప్రెషన్ ఫాల్‌బ్యాక్' టిక్ చేయండి. లోడింగ్ కొంచెం నెమ్మదిస్తుంది, అయినా ఆట నడుస్తుంది.

గొడో 4లో గొడవ థ్రెడ్లది, అంటే ఒకేసారి పక్కపక్కనే నడిచే పనులది. అవి ఆన్‌లో ఉంటే సర్వర్ పేజీని వేరే సైట్ల నుంచి విడిగా ఉంచే రెండు క్రాస్ ఆరిజిన్ హెడర్లు పంపాలి. 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, చిన్న ఆటకు అదే మేలు. వాజ్మ్ ఫైల్‌ను (బ్రౌజర్‌లో నడిచే గేమ్ ఇంజిన్ కోడ్) సర్వర్ జీజిప్ పద్ధతిలో కుదించి పంపితే సైజు దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. దేవరకొండ బస్సులో ఫోన్ డేటా మీద ఆడేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇంకొకటి: తంగేడు పువ్వు బొమ్మ ఫైల్‌కు పెద్దక్షరం 'టి' పెట్టి, కోడ్‌లో చిన్నక్షరం రాస్తే విండోస్ ఊరుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ అయ్యాక మాత్రం అవి రెండూ వేరువేరు పేర్లే, బొమ్మ మాయం!

గేమ్‌ను సీషార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే గొడో 4 నుంచి వెబ్‌కు ఎక్స్‌పోర్ట్ చేయలేం, యూనిటీయే దారి. లేదంటే మా ఓటు గొడోకే.